మళ్లీ రాయొచ్చా?

ఏప్రిల్ 14న బాబాసాహెబ్ విగ్రహానికి వేసిన దండలు వాడీ వాడకముందే పరీక్షల ఫలితాలు మొదలవుతాయి. ముందు ఇంటర్, దాని వెనకే పదో తరగతి. ఆ పది పదిహేను రోజులు మా ఇంటికి వచ్చే ఫోన్లు వేరుగా ఉంటాయి. మామూలు రోజుల్లో అయితే స్థలం తగాదా అనో, పింఛను ఆగిందనో, స్టేషన్లో ఫిర్యాదు తీసుకోలేదనో చేస్తారు. ఈ రోజుల్లో మాత్రం ఒకటే మాట: "అన్నా, మావాడు తప్పాడు. మీరొకసారి వచ్చి నాలుగు చీవాట్లు పెట్టండి."

లా చదివినవాళ్లం, సంఘం పనుల్లో తిరిగేవాళ్లం, ఆదివారం విహారంలో ధమ్మం గురించి మాట్లాడేవాళ్లం. కాబట్టి మా చీవాట్లకు బరువెక్కువని వాళ్ల నమ్మకం. వెళ్తాం. చీవాట్లు పెట్టం. ఎందుకు పెట్టమో వాళ్లకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాం.

'మేము' అని రాయడం సగం అలవాటు, సగం నిజం. ఈ తప్పు భార్యాభర్తలం ఇద్దరం కలిసి చేసింది. ఒకరి చెయ్యి లేచింది, ఇంకొకరు ఆపలేదు.

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. ఆ వేసవంతా మేము గుంటూరు చుట్టుపక్కల వాడల్లో తిరిగి ఆ చట్టం గురించి చెబుతున్నాం. ముఖ్యంగా సెక్షన్ 17. బడిలో పిల్లవాణ్ణి శారీరకంగా దండించకూడదు, మానసికంగా వేధించకూడదు. దాన్ని మా వాళ్లకు అర్థమయ్యేలా, "కొట్టడం ఒక్కటే కాదమ్మా, నలుగురిలో సిగ్గుపడేలా మాట్లాడినా నేరమే" అని చెప్పేవాళ్లం. చప్పట్లు కూడా కొట్టేవాళ్లు.

మే నెలలో మా పెద్దోడి పదో తరగతి ఫలితం వచ్చింది. లెక్కల్లో 23.

నెట్ సెంటర్లో కాగితం చేతికి తీసుకున్నప్పుడు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఒంట్లో సత్తువ పోయినట్టయింది. కోపం వచ్చింది ఆ తర్వాత, బడికి వెళ్లినప్పుడు. మళ్లీ పరీక్షకు ఫీజు ఎప్పుడు కట్టాలో కనుక్కుందామని వెళ్లాం. అక్కడ ఒక మాస్టారు నవ్వుతూ, "మీకేముందిలెండి, 35 వస్తే చాలు, ఆ పైన ఏ సీటైనా మీదే కదా" అన్నాడు. ఆయన దృష్టిలో అది ఓదార్పో ఏమో. మేము లా చదువుకున్నాం. కలెక్టరాఫీసులో నిలబడి మాట్లాడతాం. ఆ ఒక్క మాటకు మాత్రం నోరు పెగల్లేదు. ఫీజు తేదీ కూడా అడగకుండా వచ్చేశాం.

ఆయనకు చెప్పాల్సిన జవాబు ఇంటికొచ్చాక మా పిల్లవాడి చెంప మీద పడింది.

అంతటితో ఆగినా బాగుండేది. ముందు గదిలో బాబాసాహెబ్ పటం ఉంటుంది, పక్కనే తథాగతుడి బొమ్మ. ఆ పటం వైపు చెయ్యి చూపించి, "ఆయన వీధి దీపం కింద చదువుకున్నాడురా, నీకు ఫ్యానుంది, ట్యూషనుంది, సిగ్గు లేదా" అన్నాం. వీధి దీపం సంగతి నిజమో కాదో కూడా అప్పుడు మాకు తెలియదు. నలుగురు అనే మాటే మేమూ అన్నాం. వాడు తల ఎత్తలేదు. అన్నం కూడా తినకుండా చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు.

సాయంత్రం ఆరైంది, ఏడైంది. స్నేహితుల ఇళ్లకు వెళ్లాం, లేడు. గ్రౌండులో లేడు. ఎనిమిదికి రైల్వే స్టేషన్‌కు వెళ్లాం. ప్లాట్‌ఫారం ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచాం. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఏ తల్లిదండ్రులకైనా ఆ సమయంలో మనసులో ఏం మెదులుతుందో రాయనక్కర్లేదు. తొమ్మిదిన్నరకు సత్తెనపల్లి దగ్గర మా ఊరి నుంచి ఫోను వచ్చింది. పక్కింటివాళ్ల సెల్లు నుంచి మా అమ్మ. "పిల్లోడు నా కాడున్నాడు. అన్నం తిని పడుకున్నాడు. పొద్దున రండి. రాత్రిపూట వచ్చి లేపమాకండి."

పొద్దున్నే వెళ్లాం. వాడింకా నిద్ర లేవలేదు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, మా వైపు చూడకుండానే అడిగింది: "మీ అయ్య నిన్ను కొట్టాడంట్రా, తప్పినప్పుడు?"

మేమూ పదో తరగతి తప్పిన సంగతి మా పిల్లలకు తెలియదు. చెప్పలేదు. 1983లో ఇంగ్లీషులో పోయింది. అప్పట్లో ఫలితాలు పేపర్లో నంబర్లుగా పడేవి. నంబరు లేకపోతే తప్పినట్టు. ఊళ్లో పేపరు వచ్చేది ఒక్క టీ కొట్టుకే. అక్కడ మేము బల్ల మీద కూర్చోకూడదు. నిలబడి, వేరేవాళ్లు చదివి చెప్పగా విని, ఇంటికొచ్చి అయ్యకు చెప్పాం. అయ్యకు చదువు రాదు. జీతానికుండి, కూలికెళ్లి బతికిన మనిషి. చుట్ట కాలుస్తూ విన్నాడు. మూడు మాటలు అడిగాడు.

"మళ్లీ రాయొచ్చా?"

"రాయొచ్చయ్యా."

"ఎంత కట్టాలి?"

చెప్పాం.

"ఎప్పుడికి?"

అంతే. ఆ డబ్బు ఎక్కడ తెచ్చాడో మాకు తెలియదు. అడగనూ లేదు. మళ్లీ రాసి పాసయ్యాం. ఆ తర్వాత ఇంటర్, డిగ్రీ, నాగార్జున యూనివర్సిటీ నుంచి లా.

అయ్యను పెద్ద చేసి చెప్పడం లేదు. ఆయనకు మా చదువు మీద ఆశ ఎంతుందో కూడా మాకు తెలియదు. తప్పడం అంటే ఎంత సిగ్గో ఆయనకు ఎవరూ నేర్పలేదు, అందుకే కొట్టలేదేమో. ఆయన దృష్టిలో అది వాన లేక నాటు పోయినట్టు. మళ్లీ వేసుకోవాలి, విత్తనానికి ఎంతవుతుంది, ఎప్పుడు వేయాలి. అంతవరకే. మాకు మాత్రం చదువుతోపాటు సిగ్గు కూడా బాగా వంటబట్టింది. పిల్లవాడి మార్కుల కాగితం మా చేతిలోకి వచ్చేసరికి అది వాడి కాగితంగా లేదు. ఆ టీ కొట్టు, ఆ మాస్టారి నవ్వు, రిజర్వేషన్ గురించి ఆఫీసుల్లో వెనక నుంచి వినబడే మాటలు, అన్నిటికీ వాడే జవాబు చెప్పాలని అనుకున్నాం. పదిహేనేళ్లవాడు. లెక్కల్లో 23 వచ్చినవాడు.

వాణ్ణి ఇంటికి తీసుకొచ్చాక కూడా మేము వెంటనే మారిపోలేదు. క్షమించమని అడగలేదు. క్రికెట్ బంద్, టీవీ బంద్, పొద్దున నుంచి సాయంత్రం దాకా ముందు గదిలో పటం ఎదురుగా కూర్చుని లెక్కలు చేయాలి. అది శిక్ష అని మాకు అనిపించలేదు, క్రమశిక్షణ అనుకున్నాం.

అసలు సంగతి కనిపెట్టింది వాడి మేనమామ. ఎలక్ట్రీషియన్. ఇళ్లకు వైరింగ్ చేస్తాడు, తను పదో తరగతి దాటలేదు. ఒకరోజు వచ్చి వీడి అవస్థ చూసి, "అక్కా, వీణ్ణి నాలుగు రోజులు నాతో పంపించు, చేతి కింద మనిషి లేడు" అన్నాడు. మాకు ఇష్టం లేకపోయినా పంపాం. మూడో రోజు వచ్చి చెప్పాడు: "బావా, వీడికి లెక్కలు వచ్చు. గది చుట్టూ పైపు వేయాలంటే ఎన్ని మీటర్లు పడుద్దిరా అంటే నాకంటే ముందు చెబుతున్నాడు. నాలుగు గదులకు వైరు ఎంత, వేస్టు ఎంత, కట్ట ఎన్ని మీటర్లు, ఎన్ని కట్టలు కొనాలి, అన్నీ నోటితోనే. పుస్తకంలో అదే లెక్క చూపిస్తే నోరు తెరవట్లేదు."

పుస్తకం తెచ్చి ముందు పెట్టాం. 'పెరిమీటర్' అని ఉంది. అదేంటని అడిగితే చెప్పలేకపోయాడు. చుట్టుకొలత అనగానే ముఖం విప్పారింది. అలా వెనక్కి వెనక్కి వెళ్తే తేలింది. ఐదో తరగతి వరకు వాడు మున్సిపల్ బడిలో తెలుగు మీడియం. ఆరులో మేమే ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడికి మార్చాం. లవం, హారం తెలిసిన పిల్లవాడికి న్యూమరేటర్, డినామినేటర్ ఏంటో ఎవరూ చెప్పలేదు. వాడు అడగలేదు. అడిగితే వెనక బెంచీ నవ్వుతుంది. ఐదేళ్లు లెక్కల క్లాసులో అర్థమైనట్టు తలూపుతూ కూర్చున్నాడు.

ఇంగ్లీషు మీడియానికి మార్చినందుకు ఈరోజుకీ మాకు పశ్చాత్తాపం లేదు. ఇంగ్లీషు మన పిల్లలకు కావాలి. పెద్ద కులాలవాళ్లు తమ పిల్లల్ని ఇంగ్లీషులో చదివించుకుంటూ మనకు మాతృభాష గొప్పదనం చెబుతుంటే విని మోసపోవడానికి మేము సిద్ధంగా లేం. కానీ ఒడ్డు మార్చేటప్పుడు మధ్యలో వంతెన ఉందో లేదో చూడాల్సింది మేమే. ఐదేళ్లలో ఒక్కసారి పక్కన కూర్చుని, "ఈ లెక్క నాకు చెప్పరా" అని అడిగి ఉంటే బయటపడేది. ప్రతి నెలా ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం మాత్రం పెట్టాం.

ఆ రోజుల్లోనే ఇంకో సంగతి జరిగింది. ముందు గదిలో కూర్చోబెట్టినందుకు వాడు లెక్కలు మాత్రమే చేయలేదు, అలమరలో పుస్తకాలు కూడా తీసి చూస్తున్నాడు. ఒక రాత్రి భోజనాల దగ్గర ఉన్నట్టుండి అన్నాడు: "నాన్నా, బాబాసాహెబ్‌కి మెట్రిక్‌లో 750కి 282 అంట. జీవిత చరిత్రలో ఉంది."

మేము చదివిన పుస్తకమే. ఆ అంకె మా కంట పడలేదు, పడినా నిలవలేదు.

"అంటే 37.6 శాతం," అన్నాడు. లెక్కల్లో తప్పినవాడు, కంచం ముందు కూర్చుని, కాగితం లేకుండా. "నాకు 600కి 240. నలభై."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాళ్లమ్మ నవ్వేసింది. అప్పుడు వాడూ నవ్వాడు. చాలా రోజుల తర్వాత.

1907 నాటి బొంబాయి మెట్రిక్ వేరు, 2010 నాటి మన పదో తరగతి వేరు. ఆ మార్కులను ఈ మార్కులతో తూకం వేయకూడదని తెలుసు. అప్పట్లో మన కులాల పిల్లవాడు మెట్రిక్ దాకా రావడమే గొప్ప. 282 అంకెను అడ్డం పెట్టుకుని చదవడం మానెయ్యమని ఏ పిల్లవాడికీ చెప్పం. కానీ మేము పటంలో పెట్టుకున్న మనిషికి మార్కులే లేవన్నట్టు, పుట్టుకతోనే కొలంబియా పట్టా పట్టుకుని వచ్చాడన్నట్టు పిల్లల ముందు నిలబెడుతున్నాం. చిన్నప్పుడు బాబాసాహెబ్‌కి చదువు మీద ధ్యాస తక్కువగా ఉన్న రోజులున్నాయి. బొంబాయి మిల్లులో పనికి పారిపోదామని, దారి ఖర్చుకు మేనత్త డబ్బు సంచి తీయాలని చూశాడు. చివరికి చేతికి చిక్కిన సంచిలో ఉన్నది అర్ధణా. ఆ తర్వాతే పట్టుబట్టి చదివాడని జీవిత చరిత్రలో ఉంది. ఆయన తండ్రి రాంజీ కఠినమైన మనిషే. అయితే ఆ కాఠిన్యంలో సగం తన మీదే పెట్టుకున్నాడు. తెల్లవారుజామున రెండింటికి కొడుకును చదువుకు లేపాలని తను అప్పటిదాకా మేలుకుని ఉండేవాడు. పుస్తకాలకు డబ్బు లేకపోతే పెళ్లయిన కూతుళ్ల నగలు అడిగి తెచ్చి కుదువపెట్టేవాడు, పింఛను రాగానే విడిపించేవాడు.

ఇంకొక మాట. 'బుద్ధ అండ్ హిజ్ ధమ్మ'కు రాసుకున్న ముందుమాటలో బాబాసాహెబ్ తనకు బుద్ధుడు ఎలా పరిచయమయ్యాడో చెప్పాడు. ఇంగ్లీషు నాలుగో తరగతి పాసైనప్పుడు కులస్థులు సన్మాన సభ పెడతామన్నారు. తండ్రి ఒప్పుకోలేదు. పిల్లవాడికి తల తిరుగుతుందన్నాడు. దాదా కేలూస్కర్ నచ్చజెప్పాక సభ జరిగింది, ఆ సభలోనే కేలూస్కర్ తను రాసిన బుద్ధ చరిత్రను కానుకగా ఇచ్చాడు. ఆ సభ మెట్రిక్ తర్వాత జరిగిందని రాసినవాళ్లూ ఉన్నారు, కానీ ఆయన మాటనే తీసుకుందాం. మిగతా కులాలవాళ్ల చదువుతో పోలిస్తే అది పండగ చేసుకునేంత విషయమే కాదని ఆయనే అంటాడు. ఆ చిన్న మెట్టుకు మనవాళ్లు సభ పెట్టబట్టే కదా ఆ పుస్తకం ఆ పిల్లవాడి చేతికి వచ్చింది.

మావాడు సప్లిమెంటరీలో లెక్కలు మళ్లీ రాశాడు. మేనమామ చెప్పిన ఉపాయంతో ఒక నోట్‌బుక్ మధ్యలో గీత గీసి, ఒకవైపు ఇంగ్లీషు మాట, ఇంకోవైపు తెలుగు మాట రాసుకున్నాడు. 41 వచ్చింది. మేము మళ్లీ ఆ బడికి వెళ్లినప్పుడు ఆ మాస్టారు కనిపించలేదు. కనిపించి ఉంటే ఏమనేవాళ్లమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మగపిల్లవాడు తప్పితే దెబ్బలు. ఆడపిల్ల తప్పితే పెళ్లి. ఇది మా పనిలో పదే పదే చూస్తున్నది.

కొన్నేళ్ల కిందట ఒక తల్లి మమ్మల్ని పిలిచింది. మిర్చి పనులకు వెళ్లే మనిషి, కాయల ముచ్చికలు తీసే పని. కూతురికి పదహారు, పదో తరగతిలో సైన్సు పోయింది. ఫలితం వచ్చిన వారానికే సంబంధం చూశారు. పిలిచింది పెళ్లి ఆపమని కాదు, "వయసు కాగితాల దగ్గర ఇబ్బంది రాకుండా ఏం చేయాలో చెప్పండి" అని. మేము చెప్పాల్సింది చెప్పాం. పద్దెనిమిది నిండకుండా చేస్తే 2006 చట్టం ప్రకారం నేరం, చేసినవాళ్లతోపాటు చేయించినవాళ్లూ జవాబుదారీ అని. ఆమె విన్నది. "చదువబ్బలేదు కదండీ, ఇంట్లో పెట్టుకుని ఏం చేయను" అంది.

చట్టం మాట అక్కడితో ఆగిపోయింది. పిల్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అడిగాం. సైన్సులో ఏం అర్థం కాలేదమ్మా? ఆ పిల్ల తల్లి వైపు చూసి ఊరుకుంది. మరునాడు బడికి వెళ్లి హాజరు చూస్తే ఫిబ్రవరి, మార్చి నెలల్లో సగం రోజులు లేదు. మిర్చి సీజను. తల్లితో పనికి వెళ్లింది. చెల్లెలు కూడా వెళ్లింది. ఆ సంగతి తల్లికి తెలియనిది కాదు. మేము వెనక్కి వెళ్లి ఆ మాట అన్నప్పుడు ఆమె కోపంగా, "మరి బియ్యం మీరు పోస్తారా?" అంది. దానికి మా దగ్గర జవాబు లేదు. విహారంలో నలుగురం వేసుకుని ఫీజు కట్టాం. ఆ పిల్ల మళ్లీ రాసి పాసైంది. పెళ్లి వాయిదా పడింది, ఆగిపోలేదు. ఇంటర్ మొదటి సంవత్సరం చదివి మానేసింది, పంతొమ్మిదికి పెళ్లి చేశారు. గెలిచామని చెప్పుకోలేం. అప్పుడప్పుడు కనిపిస్తే నవ్వుతుంది, చంకలో పిల్లవాడు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఏం జరిగిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తెలుగులో సున్నా పడిన ఒక అమ్మాయికి పేపరు మళ్లీ చూస్తే 99 వచ్చాయి. తప్పు దిద్దినవాళ్లది, వ్యవస్థది. దాని మీద జరగాల్సిన పోరాటం జరిగింది. మమ్మల్ని మాత్రం ఇంకో ఆలోచన వదల్లేదు. ఆ సున్నా ఉన్న కాగితంతో ఇంటికి వచ్చిన పిల్లతో, "ఇది నీ మార్కు అయి ఉండదమ్మా, పద కనుక్కుందాం" అనేవాళ్లు ఎన్ని ఇళ్లలో ఉన్నారు? మా ఇంట్లో 2010లో లేరు. గుంటూరు స్టేషన్ ప్లాట్‌ఫారం గుర్తొచ్చి ఆ రోజుల్లో నిద్ర పట్టలేదు.

విహారంలో తల్లిదండ్రులతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు మేము చూళపంథకుడి కథ చెబుతాం. ధమ్మపద అట్టకథలో ఉంది. అన్న మహాపంథకుడు తెలివైనవాడు, తనే తమ్ముణ్ణి సంఘంలోకి తెచ్చాడు. తమ్ముడికి నాలుగు నెలల్లో ఒక్క గాథ నోటికి రాలేదు. కొత్త పాదం వస్తే పాత పాదం పోయేది. అన్న విసిగి, నీకిక్కడ చోటు లేదు పొమ్మన్నాడు. జీవకుడి ఇంటి భోజనానికి భిక్షువుల లెక్క చెప్పేటప్పుడు తమ్ముణ్ణి లెక్కలోంచి తీసేశాడు. ఏడుస్తూ వెళ్లిపోతున్నవాణ్ణి తథాగతుడు దారిలో ఆపి, ఎందుకు వెళ్తున్నావని అడిగాడు. గాథ ఇవ్వలేదు. ఒక తెల్లని గుడ్డ ముక్క ఇచ్చి, దాన్ని చేత్తో రుద్దుతూ 'రజోహరణం' అని ఒక్క మాట అనుకోమన్నాడు. గుడ్డ మాసింది. మాయడం చూస్తూ చూస్తూ వాడికి అనిత్యం అర్థమైంది. ఆ తర్వాత కథలో మహిమలు వస్తాయి, వాటిని మేము వదిలేస్తాం. మహాపంథకుడు చెడ్డవాడు కాదు. అర్హంతుడే. తమ్ముడి మీద ప్రేమ ఉన్నవాడే. తనకు వచ్చిన దారిలోనే తమ్ముడికీ రావాలనుకున్నాడు. ఈ కథ చెప్పినప్పుడల్లా తల్లులు చూళపంథకుడి గురించి ఆలోచిస్తారు. మేము మాత్రం అన్న గురించి ఆలోచిస్తాం.

మావాడికి ఇప్పుడు ముప్పై దాటాయి. పాలిటెక్నిక్ చేసి ఎలక్ట్రికల్ పనిలోనే ఉన్నాడు. కిందటేడు వర్షావాసంలో, అందరం కలిసినప్పుడు, ఆ రోజు కొట్టినందుకు తప్పయిందిరా అన్నాం. పదిహేనేళ్లు పట్టింది ఆ మాట రావడానికి. వాడు కాసేపు ఆలోచించి, "దెబ్బ గుర్తు లేదు నాన్నా. మీరు ఆ పటం వైపు చెయ్యి చూపించారే, అది గుర్తుంది. చాలా రోజులు ఆ గదిలోకి రావాలంటే తల వంచుకుని వచ్చేవాణ్ణి" అన్నాడు. బాబాసాహెబ్ ముందు మన పిల్లవాడు తల వంచుకుని నడవాల్సి రావడం కంటే పెద్ద దెబ్బ మేము కొట్టలేం.

వాడు ఆ మాట అన్నాక మా విహారంలో ఒక చిన్న పని మొదలుపెట్టాం. ఫలితాలు వచ్చే రోజు మధ్యాహ్నం నుంచి రాత్రి పది దాకా తలుపు తీసే ఉంటుంది. ఉపన్యాసాలు లేవు. అన్నం, పప్పు, పచ్చడి ఉంటాయి. తప్పిన పిల్లలూ రావచ్చు, పాసైనవాళ్లూ రావచ్చు, ఎవరు ఏమిటని అడగం. తల్లిదండ్రులు కోపంగా వస్తే పక్క గదిలో కూర్చోబెట్టి టీ ఇస్తాం. నోటీసు బోర్డు మీద మూడే అంకెలు రాస్తాం: సప్లిమెంటరీకి ఫీజు ఎంత, ఆఖరు తేదీ ఎప్పుడు, పేపరు మళ్లీ దిద్దించాలంటే ఎంత కట్టాలి. వాడి మేనమామ ఈసారి బోర్డు పైన ఒక బల్బు కూడా పెట్టాడు, రాత్రి వచ్చినవాళ్లకు కనబడాలని.